ఒంటరిగా మిగిలిన కోడిపిల్లను పాత కోళ్లలో కలపాలంటే

అక్కా, మీరు రాసింది ఇదీ. దేవరకొండ దగ్గర పల్లెలో ఇల్లు. వాకిట్లో ఐదు నాటు పెట్టలు, ఒక పుంజు. తల్లికోడినీ దాని పిల్లలనూ అడవిపిల్లి పట్టుకుపోతే నెల రోజుల పిల్ల ఒక్కటి మిగిలింది. బయటికి వదిలితే పెట్టలు తల మీద పొడిచి తరుముతున్నాయి. రాత్రి చీకట్లో గూట్లో పెద్దవాటి నడుమ కూర్చోబెడితే తెల్లారేసరికి కలిసిపోతాయని పక్కింటివాళ్లు చెప్పారు, అలా చేయొచ్చా అని అడిగారు.

చేయొద్దు. ఈ రాత్రికే పెట్టాలనుకుంటే ఆగండి. చీకట్లో కోడికి సరిగా కనపడదు. అందుకే రాత్రిపూట గూట్లో ఏది పెట్టినా గొడవ చేయవు, మనం కలిసిపోయాయి అనుకుంటాం. తెల్లవారుజామున సన్నగా వెలుతురు రాగానే కొత్త ముఖం కనపడుతుంది. తలుపు మాత్రం మనం లేచి తీసేదాకా మూసే ఉంటుంది. లోపల ఆకలి మీదున్న ఐదు పెట్టలు, మూల తప్ప పారిపోయే చోటు లేని పిల్ల. ప్రాణం మీదికి వచ్చేది ఆ అరగంటలోనే. ఎదిగిన పెట్టను, అంటే బరువులో పాతవాటికి ఈడైన దాన్ని, రాత్రిపూట కలిపితే కొంతవరకు నడుస్తుంది. పక్కింటివాళ్లు దాన్ని చూసే చెప్పి ఉంటారు. నెల పిల్లకు ఆ పద్ధతి పనికిరాదు.

ఎందుకు పొడుస్తాయో తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. ముందు మేత దగ్గరికి ఎవరు రావాలి, పై కర్ర మీద ఎవరు కూర్చోవాలి, ఎవరిని చూసి ఎవరు తప్పుకోవాలి అనేది మీ ఐదు పెట్టలు ఎప్పుడో పొడుచుకుని తేల్చుకున్నాయి. ఆ వరుసలో లేని పక్షి కనపడితే దాని చోటు ఎక్కడో చూపించాలి. పెద్ద పెట్ట అయితే ఎదురు నిలబడుతుంది, లేదా తల వంచి తప్పుకుంటుంది, రెండు మూడు రోజుల్లో లెక్క తేలిపోతుంది. నెల పిల్లకు నిలబడే బలమూ లేదు, ఎంత దూరం పారిపోతే వదిలేస్తారో తెలిసే వయసూ కాదు. కీచుమంటూ అడ్డదిడ్డంగా పరుగెత్తుతుంది, ఆ పరుగే వాటిని ఇంకా రెచ్చగొడుతుంది.

కోళ్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది కంటితో, ముఖ్యంగా తల మీది తురాయి, ముఖం చూసి. వాసనతో కాదు. అందుకని అన్నిటికీ ఒకే నూనె రాస్తే ఒకే వాసన వచ్చి కలిసిపోతాయనే మాట నమ్మకండి. కిరసనాయిలు అసలే పూయకండి, లేత చర్మం కాలిపోతుంది. పొడిచిన పెట్టను కట్టె తీసుకుని కొట్టడం కూడా దండగే. అది మిమ్మల్ని చూసి భయపడుతుంది తప్ప, మీరు లోపలికి పోయాక పిల్లను వదలదు.

కాబట్టి పని రెండు భాగాలు. ఒకటి, పెట్టలకు ఆ పిల్ల రోజూ కనపడి కనపడి విసుగు పుట్టాలి, అది కొత్తది అన్న సంగతే పోవాలి. రెండు, వాటి ముక్కుకు అందకుండా తప్పించుకునే చోటు పిల్లకు ఎప్పుడూ రెండడుగుల దూరంలో ఉండాలి. ఈ రెండూ సమకూర్చడానికి నాలుగైదు వారాలు పడుతుంది. జర ఓపిక పట్టాలె.

ముందు ఒంటరితనం సంగతి. ఒక్క పిల్లను మందలో కలపడం కన్నా మూడింటిని కలపడం చాలా సులువు. ఒక్కటే ఉంటే ఐదు ముక్కులూ దాని మీదికే వస్తాయి. మూడు ఉంటే ఆ పోట్లు పంచుకుంటాయి, ఒకటి బెదిరితే మిగతా రెండూ చూసి ముందే తప్పుకుంటాయి. రాత్రి ఒకదానికొకటి ఒదిగి పడుకుంటాయి. ఒంటరి పిల్ల దిగులుతో మేత కూడా సరిగా తినదు, రోజంతా కీచుకీచుమంటుంటుంది. వీలైతే ఇంచుమించు ఇదే సైజు పిల్లలను ఇంకో రెండు తెచ్చుకోండి. వయసు కాదు, సైజు చూడాలి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ అనే జాతుల పిల్లలు మన పక్క బాగానే దొరుకుతాయి. వనరాజా నాటు పిల్ల కన్నా చాలా తొందరగా బరువెక్కుతుంది. నెల రోజుల నాటు పిల్లకు నెల రోజుల వనరాజా జోడీ పెడితే మూడు వారాల్లో అదే దీన్ని మేత దగ్గరికి రానివ్వదు. వనరాజా తెచ్చేటట్లయితే వారం పది రోజులు చిన్నవి చూడండి. ఊళ్లోనే ఎవరింట్లోనైనా నాటు పిల్లలుంటే అవే మేలు.

అంగడిలో రంగులు పూసి గంపల్లో అమ్మే పిల్లలను మాత్రం తేవద్దు. అవి ఎక్కువగా హేచరీల్లో పక్కన పెట్టే పుంజుపిల్లలు. ఎండలో, దుమ్ములో, నీళ్లు లేకుండా తిరిగి తిరిగి సగం జబ్బుతో వస్తాయి. మీ ఇంట్లో ఉన్న ఒక్కదానికీ అది అంటుకుంటుంది.

కొత్త పిల్లలను తెస్తే వాటిని మీ పిల్లతో కలిపి ఉంచండి, కానీ ఈ మూడింటినీ పెద్ద కోళ్లకు దూరంగా, ఇంటికి ఇంకో వైపు, 21 రోజులు ఉంచాలి. కొక్కెర తెగులు, అదే రాణీఖేత్, సోకిన తరువాత బయటపడడానికి 2 నుంచి 15 రోజుల దాకా పడుతుంది. ఈరోజు చురుగ్గా కనపడిన పిల్ల పదో రోజున మెడ తిప్పేయొచ్చు. ఈ మూడు వారాలు ముందు పిల్లల పని చూసుకుని, ఆ తరువాత చేతులు కడుక్కుని పెద్ద కోళ్ల దగ్గరికి పోవాలనిపిస్తుంది గానీ, వరుస తిప్పండి. ముందు మీ పాత మంద, చివర కొత్తవి. మేత గిన్నె, నీళ్ల గిన్నె, చీపురు, చెప్పులు వేరుగా ఉంచండి. కొత్తవి తేకుండా మీ ఒక్క పిల్లనే పెంచుకుంటే ఈ 21 రోజుల లెక్క అక్కర్లేదు, అది మీ వాకిట్లోనే పుట్టింది కదా.

టీకా సంగతి కూడా ఇప్పుడే. కొక్కెర తెగులు రాకుండా వేసే లసోటా చుక్క మామూలుగా 5–7 రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క వేసి, 28 రోజులకు మళ్లీ వేస్తారు. మీ పిల్లకు మొదటిది వేయకపోయి ఉంటే ఇప్పుడు వేయించండి. 8 వారాలు నిండాక అదే తెగులుకు ఆర్‌2బి ఇంజెక్షన్, 6 వారాలు దాటాక అమ్మవారి (కోళ్ల మశూచి) టీకా. చిక్కు ఏమిటంటే సీసా చిన్నదైనా 100 డోసులు ఉంటుంది, కలిపిన తరువాత గంట రెండు గంటల్లో వాడెయ్యాలి, అదీ ఐసులో ఉంచి. మీ ఒక్క పిల్ల కోసం సీసా విప్పరు. పశువుల దవాఖానలో ముందే అడిగి, వాడకట్టులో కోళ్లున్న పది ఇళ్లకు చెప్పి ఒకే పొద్దున పని పెట్టుకోండి. మీ పెట్టలకు టీకా వేయించి ఎంత కాలమైందో గుర్తులేకపోతే వాటికీ అప్పుడే వేయించండి. టీకా వేసిన మరుసటి రోజే పిల్లను మందలోకి వదలకండి. ఒంట్లో శక్తి పుట్టడానికి కనీసం పది రోజులు పడుతుంది.

ఇంకొకటి, చాలామంది చూడనిది. మట్టి గోడల గూడైతే రాత్రి తొమ్మిది పది గంటలకు టార్చిలైటు వేసి పగుళ్లలో, కర్రల అతుకుల్లో చూడండి. బూడిద రంగు, నల్లటి గోమార్లు పగలు పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. మన ఎండ ప్రాంతంలో ఇవి ఎక్కువ. ఎదిగిన పెట్ట తట్టుకుంటుంది, పిల్ల నాలుగైదు రాత్రుల్లో తెల్లగా పాలిపోతుంది. పొద్దున లేచేసరికి పిల్ల చచ్చి ఉంటే పెట్టలు పొడిచాయి అనుకుంటాం, ఒంటి మీద గాయం ఉండదు. గూడు ఖాళీ చేసి, దవాఖానలో ఇచ్చే గోమార్ల మందు పగుళ్లకు కొట్టి, పూర్తిగా ఆరాక సున్నం వేయండి. పది రోజులకు మళ్లీ చూడండి. పెట్టల రెక్కల కింద పేలుంటే పిడకల బూడిద, ఎండిన మెత్తటి మట్టి సగం సగం కలిపి ఒక పాత టబ్బులో పోసి నీడన పెట్టండి, వాటంతట అవే పొర్లుతాయి.

ఇక అసలు పని. మన ఊళ్లలో పిల్లలను గంప కింద మూయడం ఎప్పటినుంచో ఉన్నదే. వెదురుదో ఈత బరిగెలదో గంప బోర్లించి మీద రాయి పెడతారు, చుట్టూ పెద్ద కోళ్లు మేస్తుంటాయి. కనపడాలి, అందకూడదు అన్న ఆలోచన అందులోనే ఉంది. కానీ ఆ గంపకు మూడు లోపాలున్నాయి. అల్లిక దగ్గరగా ఉంటే లోపలిది పెట్టలకు సరిగా కనపడదు, కాబట్టి పరిచయం జరగదు. అల్లిక ఎడంగా ఉంటే సందుల్లోంచి ముక్కు దూర్చి పొడుస్తాయి, పిల్ల నడుమ ముడుచుకుని కూర్చోవడానికి కూడా చోటు చాలదు. ఎండ పడితే లోపల ఉడికిపోతుంది. గంట రెండు గంటలకు గంప సరే, రెండు వారాలకు కాదు.

దానికి బదులు ఒక జాలి గూడు కట్టుకోండి. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉంటే మూడు పిల్లలకు చాలు. అరంగుళం కన్నాల వెల్డింగు జాలి తీసుకోండి. ఆరు కోణాల సన్న తీగ కోళ్ల జాలి చవకే, కానీ దాని కన్నాల్లోంచి పిల్ల తల బయటపెడుతుంది, ముంగిస పళ్లతో చింపేస్తుంది. కింద కూడా జాలి వేస్తే పందికొక్కు తవ్వుకుని రాదు, ఆ జాలి మీద రెండంగుళాలు వడ్ల పొట్టు పరిస్తే పిల్ల కాళ్లకు నొప్పి ఉండదు. పైకప్పు తప్పనిసరి. గద్ద పైనుంచి వస్తుంది, కాకి కూడా ఈ వయసు పిల్లను వదలదు. గూడులో సగం భాగం మీద, రెండు పక్కల గోనెసంచి కప్పండి. పిల్లకు కావాలంటే కనపడకుండా దాక్కోవచ్చు, కావాలంటే ముందుకొచ్చి చూడొచ్చు. పొద్దస్తమానం నాలుగు వైపులా కళ్లు తన మీదే ఉంటే అది బెదిరి మేత మానేస్తుంది.

ఈ గూడు ఎక్కడ పెట్టాలి? పెట్టలు రోజూ తిరిగే చోట, కానీ వాటి గుడ్ల గంప పక్కన కాదు, వాటి నీళ్ల తొట్టి పక్కన కాదు. గుడ్డు పెట్టే చోట అవి ఎవరినీ ఓర్వవు. వేప చెట్టో చింత చెట్టో ఉంటే దాని నీడ మంచిది. ఈ ఏర్పాటులో 10 నుంచి 14 రోజులు ఉండాలి. మీ పిల్లకు ఇప్పుడు 4 వారాలు కాబట్టి మొదటి వారం ఊరికే కోలుకోనివ్వండి, 5 వారాలు నిండాక వాకిట్లో పెట్టండి. కొత్తవి తెచ్చి ఉంటే ఆ 21 రోజులు అయ్యాకే. అప్పటికి ఈక బాగా వచ్చి ఉంటుంది, రాత్రి వేడి పెట్టే పని కూడా ఉండదు. చలికాలంలో ఈ పని పెట్టుకునేవాళ్లు మాత్రం ఒంటరి పిల్లకు రాత్రి తప్పకుండా వెచ్చదనం ఇవ్వాలి, ఒదగడానికి తోబుట్టువులు లేవు కదా. పాత ఉన్ని గుడ్డ ఒకటి గూట్లో వేలాడదీస్తే దాని కింద దూరి పడుకుంటుంది. దారాలు ఊడిన గుడ్డ వద్దు, కాళ్లకు చుట్టుకుంటుంది. జోడీ దొరకని వాళ్లు చిన్న అద్దం ముక్కను అంచులు తగలకుండా గోడకు బిగించినా కొంత కుదుటపడుతుంది.

ఈ రెండు వారాల్లో మీరు చేయాల్సింది ఒకటే, మేత దగ్గరికి తేవడం. జాలికి లోపలి వైపు పిల్లల మేత గిన్నె, బయటి వైపు గుప్పెడు జొన్నలో సజ్జలో. మొదటి రోజు మూడడుగుల దూరంలో చల్లండి, రోజుకు కొంచెం దగ్గరికి తెస్తూ పది రోజులకు జాలి ఇవతల అవతల ఒకేసారి తినేలా చేయండి. మొదటి మూడు నాలుగు రోజులు పెట్టలు మెడ ఈకలు విప్పి జాలిని పొడుస్తాయి. తరువాత జాలిని కాదు, గింజలనే చూస్తాయి. రెండు రోజులు వరుసగా ఏ పెట్టా జాలి వైపు తిరగకుండా మేసి పోయిందంటే మొదటి భాగం అయినట్టే. పది రోజులు దాటినా ఒక పెట్ట జాలి వదలకపోతే ఇంకో వారం పొడిగించండి. తారీకు చూసి తలుపు తీయొద్దు, పెట్టలను చూసి తీయండి.

మేత గురించి రెండు మాటలు. పిల్లకు చిక్ స్టార్టర్, అంటే 20 శాతం దాకా ప్రోటీన్ ఉన్న మేత. ఈ వయసు నాటు పిల్ల రోజుకు 25–30 గ్రాములు తింటుంది, రెండు కిలోలు తెచ్చుకుంటే చాలా రోజులు వస్తుంది. ఉత్త నూకలు, తౌడుతో పిల్ల బతుకుతుంది గానీ ఎదగదు, ఎదగకపోతే కలపడం ఇంకా ఆలస్యం. పల్లి చెక్క కలిపేటట్లయితే బూజు వాసన ఉన్నది వద్దు, నల్లబడ్డ పల్లీలు, తడిసి ఆరిన మక్కలు కూడా వద్దు. ఆ బూజు విషం పిల్ల కాలేయాన్ని తినేస్తుంది. పాత కుండలో తడి పేడ, గడ్డి కుక్కి చేను గట్టున బోర్లిస్తే రెండు మూడు రోజుల్లో చెదలు పడతాయి, పెద్దవాళ్లు చేసేదే, పిల్లలకు అంతకన్నా మంచి ప్రోటీన్ చవకగా దొరకదు. మీ పెట్టలకు గుడ్ల కోళ్ల మేత పెడుతున్నట్టయితే, కలిసి తినే రోజు వచ్చాక దాన్ని ఆపండి. అందులో క్యాల్షియం 3.5 శాతం దాకా ఉంటుంది, పిల్లకు కావలసింది 1 శాతమే, ఎక్కువైతే మూత్రపిండాలు పాడవుతాయి. అందరికీ పిల్లల మేతో గ్రోయర్ మేతో పెట్టి, గుల్ల పొడి వేరే గిన్నెలో ఉంచితే గుడ్లు పెట్టేవి కావలసినంత ఏరుకుంటాయి.

రెండో భాగంలో జాలి గూడుకు కిందివైపు ఒక కంత తెరవాలి. వెడల్పు నాలుగు అంగుళాలు, ఎత్తు ఐదు అంగుళాలు. పిల్ల దూరుతుంది, పెట్ట దూరదు. నాటు పెట్టలు సన్నగా ఉంటాయి కాబట్టి ఐదు అంగుళాల వెడల్పు పెడితే ఒకటి రెండు తల దూర్చి, భుజం దూర్చి లోపలికి వచ్చేస్తాయి. ఇటుకలతో వెడల్పు సర్దుకోండి, పిల్ల పెరిగేకొద్దీ ఒక ఇటుక జరపొచ్చు. కంతలు రెండుండాలి, రెండు వేరు వైపుల. ఒక్క కంత ఉంటే గడుసు పెట్ట దాని ముందే నిలబడి కాపలా కాస్తుంది, పిల్ల లోపలికి పోలేక బయట నలిగిపోతుంది. పిల్ల కంతను నేర్చుకునే దాకా, అంటే పెద్ద కోళ్లు బయటికి మేతకు పోయిన వేళల్లో ఒకటి రెండు రోజులు, కంత గుండా బయటికీ లోపలికీ గింజలు చల్లి అలవాటు చేయండి. దారి తెలియని పిల్లకు కంత ఉన్నా లేనట్టే.

వాకిట్లో కూడా దాక్కునే చోట్లు పెట్టండి. మన పాలమూరు, నల్లగొండ పక్క కంది కట్టె ఎవరింట్లోనైనా ఉంటుంది. దాన్ని అడుగు ఎత్తున వదులుగా అడ్డదిడ్డంగా పరిస్తే పిల్ల రివ్వున దూరిపోతుంది, పెట్ట దూరలేదు. గోడకు వాల్చిన రేకు, నాలుగు ఇటుకల మీద పెట్టిన షాబాద్ బండ కూడా పనికొస్తాయి, కానీ రెండు వైపులా తెరిచి ఉండాలి. ఒక వైపు మూసుకుపోయిన చోటు దాగుడుచోటు కాదు, బోను. పత్తి కట్టె వద్దు, మందు కొట్టినది. కంది కట్టె కుప్పను నాలుగు రోజులకొకసారి జరపండి, కదపకుండా వదిలేస్తే పాము చేరుతుంది.

మేత గిన్నెలు రెండు చోట్ల, నీళ్ల గిన్నెలు రెండు చోట్ల, మధ్య పది అడుగులు తగ్గకుండా. ఒక దగ్గర నిలబడితే రెండోది కనపడకుండా నడుమ ఏదైనా అడ్డు ఉంటే ఇంకా మంచిది, పెద్ద పెట్ట రెండింటినీ ఒకేసారి కాపలా కాయలేదు. నీళ్లకు లోతులేని మట్టి మూకుడు పెట్టి అందులో గులకరాళ్లు వేయండి.

మొదటిసారి వదిలేది ఏ వేళ? మామూలు రోజుల్లో సాయంత్రం, పొద్దుగూకడానికి గంట ముందు. పెట్టలు అప్పటికి కడుపునిండా మేసి ఉంటాయి, తగాదా ముదిరేలోపు చీకటి పడి గూటికి పోతాయి. ఎండలు ముదిరిన నెలల్లో మాత్రం పొద్దుగాల ఆరు నుంచి ఎనిమిది మధ్యనే చేయండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర సాయంత్రం ఐదుకు కూడా వడ తగ్గదు. వేడికి, ఇరుకుకు, ఎక్కువ వెలుతురుకు పొడుచుకునే గుణం పెరుగుతుంది. చల్లటి పూట నడిచిన కలయిక మిట్టమధ్యాహ్నం రక్తం కళ్లజూస్తుంది. వదిలే ముందు జొన్నలు వాకిలంతా దూరం దూరంగా చల్లండి, తోటకూరో మునగాకో కట్ట కట్టి పెట్టల తల ఎత్తున వేలాడదీయండి. పొడవాల్సిన ముక్కుకు ఒక పని దొరుకుతుంది. మొదటి రోజు అరగంట, మరుసటి రోజు గంట, తరువాత రెండు. ఆ సమయంలో మీరు అక్కడే కూర్చోవాలి, వంటింట్లోంచి తొంగిచూడడం చాలదు.

ఏది సహించాలో, ఏది ఆపాలో ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఒక పెట్ట వచ్చి తల మీదో వీపు మీదో ఒక్క పోటు పొడిచి వెళ్లిపోతే వదిలేయండి. నాలుగడుగులు తరిమి ఆగిపోతే వదిలేయండి. అది వరుస నేర్పడం, మీరు అడ్డం పడితే ఆ పాఠం రేపు మళ్లీ మొదలవుతుంది. పిల్లను మూలకు నెట్టి వదలకుండా పొడవడం, మెడ ఈకలు పట్టి లాగడం, రెండు పెట్టలు కలిసి తరమడం, కింద పడేసి కాలితో తొక్కి తల మీద పొడవడం, కంటి వైపు, ముడ్డి వైపు పొడవడం కనపడితే వెంటనే తీసేయాలి. రక్తం కనపడితే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. ఎర్రటి చుక్క కనపడితే మందలో ఉన్నవన్నీ, అప్పటిదాకా ఊరుకున్నవి కూడా, దాని మీదికే వస్తాయి. గాయాన్ని ఉప్పు నీళ్లతో కడిగి, వేపనూనెలో పసుపు కలిపి రాయండి, ఎరుపు కనపడకుండా పోతుంది, ఈగ వాలదు. చర్మం మూసుకునే దాకా జాలి గూట్లోనే.

చూపుకు దొరకనిది ఇంకొకటి ఉంది. పొట్లాట ఏమీ లేదు, పిల్ల హాయిగా ఉంది అనుకుంటాం, అది మాత్రం పెట్టలకు భయపడి రోజంతా కంది కట్టెలోనే కూర్చుని ఆకలితో మాడుతుంది. రోజూ రాత్రి దాన్ని చేతిలోకి తీసుకుని మెడ కింద, రొమ్ముకు కుడివైపున మేతసంచిని తడమండి. గింజలతో నిండుగా, ఉండలాగా తగలాలి. రెండు రాత్రులు ఖాళీగా ఉంటే మేత దొరకడం లేదని అర్థం, ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ జాలి గూట్లో పెట్టండి. వారానికొకసారి కాటా మీద తూచండి, బరువు పెరగకపోతే కారణం వెతకాలి. రొమ్ము ఎముక కత్తిలా తగలడం మొదలైతే ఆలస్యమైనట్టే.

మందలో కలిసిన మొదటి మూడు వారాల్లో రెట్టను కూడా చూడండి. పెద్ద కోళ్ల రెట్టలో కాక్సిడియా క్రిములుంటాయి, వాటికి ఏమీ కాదు. ఇన్నాళ్లూ శుభ్రమైన పొట్టు మీద ఉన్న పిల్లకు ఆ క్రిములు ఒక్కసారిగా ఎక్కువ తగిలితే రక్తపు పారుడు పట్టుకుంటుంది. పిల్ల ఈకలు విప్పి ముడుచుకుని, కళ్లు మూసుకుని నిలబడుతుంది, రెట్టలో ఎరుపు కనపడుతుంది. వానాకాలంలో తడి పొట్టు మీద ఇది మరీ ఎక్కువ. ఆంప్రోలియం 20 శాతం పొడి లీటరు నీళ్లకు 1.2 గ్రాములు కలిపి 5 రోజులు, వేరే నీళ్లు పెట్టకుండా. ఆ రోజుల్లో బి విటమిన్ మందు ఇవ్వకండి, ఈ మందు పనిచేసేదే ఆ క్రిమికి థయమిన్ అందకుండా చేసి. జాలి గూట్లో ఉన్నప్పుడే పెట్టలు తిరిగే చోటు మట్టి చారెడు తెచ్చి లోపల వేస్తూ ఉంటే క్రిములు కొద్దికొద్దిగా అలవాటై పిల్ల తట్టుకుంటుంది.

పగలు గొడవ లేకుండా వారం గడిచాకే రాత్రి గూటి సంగతి. అప్పటికి పిల్లకు 8–9 వారాలు వస్తాయి, పెట్ట సైజులో సగం దాటి ఉంటుంది. మొదటి నాలుగైదు రాత్రులు దాన్ని గంప కిందనో చిన్న జాలి పెట్టెలోనో ఉంచి పెద్దవాటి గూట్లోనే పెట్టండి. ఆ తరువాత చీకటి పడ్డాక కింది కర్ర మీద కూర్చోబెట్టండి. పిల్లకు అడుగు ఎత్తులో వేరే కర్ర ఉండాలి, పై కర్రల మీద ఒక్కో పెట్టకు ఎనిమిది అంగుళాల చోటు ఉండాలి. గూడు మొత్తం మీద ఒక్కోదానికి రెండు చదరపు అడుగులు తగ్గితే ఈ పని పెట్టుకోకండి, ముందు గూడు పెంచండి. తెల్లవారుజామున తలుపు తీయడం మొదటి పది రోజులు ఇంట్లో ఎవరో ఒకరి బాధ్యత. వెలుతురు వచ్చాక గూట్లో అరగంట మూసి ఉంచితే మొదట చెప్పిన ప్రమాదమే మళ్లీ వస్తుంది.

చేయకూడనివి ఇంకో రెండు ఉన్నాయి, మన ఊళ్లలో అలవాటు కాబట్టి చెబుతున్నాను. అంగట్లో కొన్న పెద్ద పెట్టను కాలికి తాడు కట్టి మూడు రోజులు వాకిట్లో ఉంచి అలవాటు చేస్తారు, అది పెద్దదానికి నడుస్తుంది. పిల్లను అలా కట్టేస్తే చేజేతులా అప్పగించినట్టే, దానికున్న ఒకే ఆయుధం పరుగు. రెండోది, వేరే పిల్లలకోడి ఉంటే దాని పిల్లల్లో దీన్ని కలిపేయడం. పిల్లలతో తిరిగే తల్లి అన్నిటికన్నా ప్రమాదం, తనది కాని పిల్ల తల మీద పొడిచే పోటు ప్రాణం తీసేదే. తల్లి అంగీకరించేది ఒకే సందర్భంలో. పొదుగు కూర్చుని రెండు వారాలు దాటిన కోడి కిందికి, పుట్టి మూడు రోజులు దాటని పిల్లను, రాత్రి చీకట్లో గుడ్డు తీసి ఆ చోట పెడితే తనదే అనుకుంటుంది. నెల పిల్లకు ఆ వయసు దాటిపోయింది, అది కూడా కొత్త తల్లిని తల్లి అనుకోదు.

పుంజుకు భయపడకండి. చాలా పుంజులు పిల్లను పట్టించుకోవు, కొన్ని గింజ దొరికితే పిలిచి చూపిస్తాయి కూడా. గొడవ ఎక్కువగా వరుసలో చివర ఉన్న పెట్టతోనే వస్తుంది. ఇన్నాళ్లూ అందరి పోట్లూ తిన్నది అదే, ఇప్పుడు తన కింద ఒకటి దొరికింది. అన్నీ ఊరుకున్నా ఆ ఒక్కటి వదలకపోతే పిల్లను కాదు, దాన్ని వేరు చేయండి. మందకు కనపడని చోట నాలుగు రోజులు ఉంచితే, తిరిగి వచ్చేసరికి అదే కొత్తదవుతుంది, తన చోటు వెతుక్కునే పనిలో పడి పిల్లను వదిలేస్తుంది. ముక్కు కోయడం, కాల్చడం మాత్రం చేయకండి. వాకిట్లో ఏరుకుని బతికే కోడికి ఆ ముక్కు కొసే కావాలి.

12 వారాలు దగ్గరపడేసరికి మీ పిల్ల పెట్టో పుంజో తెలిసిపోతుంది. తురాయి ముందే ఎర్రబడి, నడుం మీది ఈకలు కోసుగా, మెరుస్తూ జారుతుంటే పుంజు. పుంజైతే ఐదారు నెలలకు పాత పుంజుతో తలపడుతుంది, ఐదు పెట్టలకు రెండు పుంజులు ఎక్కువ, పెట్టల వీపు ఈకలు రాలిపోతాయి. కూత మొదలయ్యేలోపే ఎవరికివ్వాలో చూసుకోండి.

ఇంకా జాలి గూడు కట్టలేదంటే ఈ వారం రోజులు పిల్లను ఇంట్లోనే, పిల్లి చొరబడని గదిలో అట్టపెట్టెలో ఉంచండి. పగలు ఒక గంట గంప కింద వాకిట్లో నీడన పెట్టి, గంపకు అడుగు దూరంలో చుట్టూ ఇటుకలు పేర్చండి, పెట్టల ముక్కు అందదు. ఎండాకాలమైతే గంప మీద తడి గోనె వేయండి, పిల్ల నోరు తెరిచి రొప్పుతుంటే లోపలికి తెచ్చేయండి.